గోదారి లంకల మధ్య పడవ మీద ఒక రాత్రి: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తీకం దగ్గర పడుతోందంటే చాలు, మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. మాది రాజోలు పక్క పల్లెటూరు, దిండి రేవు మాకు కూతవేటు దూరం. హైదరాబాద్‌లో ఉన్న బాబాయి పిల్లలు, బెంగళూరు స్నేహితులు, వాళ్ల ఆఫీసువాళ్లు, దిండి హౌస్‌బోట్ గురించి అందరివీ అవే సందేహాలు. ఫోన్లో హడావిడిగా చెబితే ముఖ్యమైనవే జారిపోతున్నాయని ఇలా రాసి పెట్టాను. అందరికీ నేను మొదట చెప్పే మాట ఒక్కటే: ముందు గోదారి ఎలా ఉందో చూడండి, సెలవు తర్వాత పెట్టండి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## వెళ్దామా వద్దా అనుకునేటప్పుడు

ఇంతకీ ఈ హౌస్‌బోట్ ఏ ఊళ్లో ఉంటుంది? ఏ గోదావరి మీద?

ధవళేశ్వరం దాటాక గోదావరి రెండు పాయలవుతుంది. తూర్పు పాయ గౌతమి, యానాం పక్కనుంచి సముద్రానికి పోతుంది. పడమటి పాయ వసిష్ఠ, అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ చీలి ఓడలరేవు వైపు వెళ్తుంది. ఈ పాయల నడుమ ఉన్న నేలే కోనసీమ. దిండి వసిష్ఠ ఒడ్డున, మలికిపురం మండలంలో ఉంది. అవతలి ఒడ్డు చించినాడ, పశ్చిమ గోదావరి జిల్లా. రెంటినీ కలిపే వంతెన మీదుగానే 216వ నంబరు జాతీయ రహదారి పోతుంది. పర్యాటక శాఖ రిసార్టు, హౌస్‌బోట్ రేవు దిండిలోనే ఉన్నాయి.

ఫొటోల్లో చూసే దీవుల్లా కొండలూ గుహలూ ఉంటాయా? ఇక్కడ చూడ్డానికి ఏముంది?

కొండలు ఉండవు. మన దీవులు లంకలు. గోదారి తెచ్చిన ఒండ్రు, ఇసుక ఏళ్ల తరబడి పేరుకుని ఏటి మధ్య లేచిన నేలలు. పడవలోంచి చూస్తే మొదట నీటి అంచున ఇసుక, దాని మీద రెల్లు, వెనక అరటి, ఆపైన కొబ్బరి, ఇలా అంచెలంచెలుగా కనిపిస్తాయి. వరదలు తీసిన తర్వాత రెల్లు పూస్తే ఒడ్డంతా తెల్లగా ఊగుతూ ఉంటుంది.

ఈ లంకలు ఒకచోట నిలిచి ఉండేవి కావు. ఏరు ఒక పక్క కోసుకుంటూ, ఇంకో పక్క మేట వేసుకుంటూ పోతుంది. కోత పడిన ఒడ్డు దగ్గర పడవ నెమ్మదించినప్పుడు జాగ్రత్తగా చూడండి. నిట్టనిలువునా తెగిన మట్టి గోడ, అందులో ఒక పొర నల్లగా, ఒక పొర ఇసుకగా గీతలు కనిపిస్తాయి. ఒక్కో గీతా ఒక్కో వరద మిగిల్చి వెళ్లింది. ఆ గోడ మీద సగం వేళ్లు గాల్లో వేలాడేసుకుని నీళ్ల మీదికి ఒరిగిన కొబ్బరిచెట్టు ఒకటైనా ఉంటుంది. ఆ చెట్టు వేసినవాళ్లు దాన్ని ఏటి ఒడ్డున వేసి ఉండరు. అప్పట్లో అది తోట మధ్యలో ఉండి ఉంటుంది. నాకైతే కోనసీమ చరిత్ర మొత్తం ఆ ఒక్క గట్టు దగ్గరే కనిపిస్తుంది.

కేరళలో హౌస్‌బోట్ ఎక్కేశాం. మళ్లీ ఇది ఎందుకు?

అక్కడ కాయల్ (సముద్రం పక్కన పరుచుకున్న సరస్సులు), కాలువల మీద వరసగా పడవలు పోతుంటాయి. ఇక్కడ మీరు పెద్ద నది మీద ఉంటారు, చుట్టుపక్కల ఇంకో హౌస్‌బోట్ కనిపించడమే అరుదు. చేపలు పట్టే నాటు పడవలు, గడ్డి మోపులతో లంక నుంచి వచ్చే పడవలు తోడుంటాయి. సదుపాయాల్లో కేరళదే పైచేయి, అది ఒప్పుకోవాలి. నిశ్శబ్దం కావాలంటే మాత్రం ఇక్కడికి రండి.

పాపికొండల ట్రిప్పు, ఇదీ ఒకటేనా?

కాదు. పాపికొండలు ధవళేశ్వరానికి ఎగువన, రెండు కొండల మధ్య నది ఇరుకైన చోట ఉన్నాయి. అక్కడ లోతు, సుడులు ఎక్కువ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఎందరో చనిపోయింది ఆ దారిలోనే, అదీ వరద నీటిలో. డెల్టాలో నది వెడల్పుగా, నెమ్మదిగా ఉంటుంది. అలాగని లైఫ్ జాకెట్ విషయంలో తేడా ఏమీ ఉండకూడదు. వరద నీటిలో పడవ ఎక్కకూడదన్న పాఠం రెండు చోట్లా ఒకటే.

కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్‌లో రాత్రి ఉండొచ్చా?

అక్కడికి పగటి ప్రయాణంగానే వెళ్లి రావాలి. హోప్ ఐలాండ్ గోదారి ఇసుకతో ఏర్పడిన పొడవాటి దిబ్బ. కాకినాడ రేవుకు అలల నుంచి అడ్డుగోడలా నిలబడింది అదే. ఆ తీరంలో చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. వాటికి చీకటి, నిశ్శబ్దం కావాలి. మనం టార్చి వేసుకుని తిరిగితే భయపడి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతాయి. పక్కనే ఉన్న కోరంగి మడ అడవుల్లో పడవ షికారు ఉంది. అదీ పగలే. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ, అక్కడి కాలువల్లో నీళ్లు తీసి బురద తేలుతుంది, పడవ తిరగదు. వెళ్లే ముందు ఆ రోజు పోటు, అంటే నీరు ఎక్కే వేళ, ఎన్నింటికో కనుక్కోండి.

## ఏ నెల, ఏ తిథి

ఏ నెలల్లో వస్తే బాగుంటుంది?

నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా. నా ఓటు డిసెంబరు రెండో సగానికి. వరద మట్టి దిగిపోయి నీళ్లు తేరుకుంటాయి, గాలి పలచగా ఉంటుంది, ఎండ చురుక్కుమనదు. ధనుర్మాసం కాబట్టి తెల్లవారుజామున ఒడ్డు మీది గుళ్ల మైకుల్లోంచి తిరుప్పావై వినిపిస్తుంది. సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది, మధ్యాహ్నమే పడవెక్కేయండి. మార్చి మొదట్లో కూడా ఫరవాలేదు. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా ఉక్క. ఏసీ గదిలో కూర్చోవడానికైతే పడవ ఎందుకు?

వర్షాకాలంలోనే కదా గోదారి నిండుగా ఉండేది, అప్పుడెందుకు వద్దంటారు?

నిండు గోదారిని గట్టు మీద నిలబడి చూడాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎగువన ఎక్కడ వానపడినా ఆ నీళ్లు ఇక్కడికే వస్తాయి. మా ఊళ్లో చుక్క వాన లేకపోయినా మర్నాటికి ఏరు ఎర్రబడి గట్టెక్కడానికి చూస్తుంది. భద్రాచలంలో మట్టం పెరిగిందని టీవీలో చెబితే ఇక్కడ లంకలవాళ్లు పశువులను ఏటిగట్టు మీదికి తోలుకొస్తారు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు. మొదటి హెచ్చరిక అంటేనే సుమారు 10 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వస్తోందని అర్థం. 2022 జులైలో అది 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టు వరదను మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ లెక్క కొలతగా వాడతారు, 'ఎనభై ఆరంత రాలేదులే' అని. అంత నీటిలో దుంగలు, చెట్లు, ఒక్కోసారి ఇంటి కప్పులు కూడా కొట్టుకొస్తాయి. ఆ నెలల్లో ఎవరైనా 'ఏం కాదు సార్, తిప్పేస్తాం' అంటే వాళ్ల పడవ ఎక్కకండి.

పున్నమికి వెళ్లాలా, అమావాస్యకా?

వెన్నెల కావాలంటే శుద్ధ ద్వాదశి నుంచి పున్నమి వరకు. నక్షత్రాలు కావాలంటే అమావాస్యకు అటూ ఇటూ. ఈ రెండు తిథుల్లోనూ పోటు పెద్దగా ఉంటుంది, అంటే నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి రోజుల్లో నీటి కదలిక తక్కువ. దిండి దగ్గర గోదారి సముద్రం మాట వింటుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు, ప్రతి రోజూ నిన్నటికన్నా ముప్పావు గంట పైచిలుకు ఆలస్యంగా. మొదటిసారి వచ్చేవాళ్లకు పున్నమికి రెండు మూడు రోజుల ముందు రమ్మని చెబుతాను. పొద్దు గూకేసరికే చంద్రుడు తూర్పున పైకొచ్చి ఉంటాడు, చీకటి భయం ఉండదు.

సంక్రాంతికి రావాలనుకుంటున్నాం, దొరుకుతుందా?

ఆ నాలుగు రోజులూ కోనసీమలో ఇల్లు, హోటలు, లాడ్జి ఏదీ ఖాళీ ఉండదు. అల్లుళ్లు, కోడిపందేలు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. కౌశిక కాలువ నీళ్లలోంచి ప్రభలను భుజాల మీద మోసుకుంటూ దాటించడం చూసి తీరాల్సిందే, కానీ దానికోసం వచ్చి పడవ కూడా కుదుర్చుకుందామంటే కష్టం. పడవ ముఖ్యమైతే పండగ వెళ్లిన వారానికి రండి.

తుఫాను సీజన్ అంటారు కదా, నవంబరులో భయం లేదా?

ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా బంగాళాఖాతాన్ని గమనిస్తూ ఉండాలి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చిపెట్టిన తుఫానును ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. లక్షల కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి. అల్పపీడనం అన్న మాట వినగానే ప్రయాణం వాయిదా వేయక్కర్లేదు, కానీ వాయుగుండం అని, రేవుల్లో హెచ్చరిక జెండా ఎగరేశారని వింటే మాత్రం వెంటనే మానేయండి.

## బుక్ చేసేటప్పుడు

ఫోన్ చేసినప్పుడు ఏమేం అడగాలి?

పడవ ఆ వారం నిజంగా తిరుగుతోందా అన్నది మొదటి ప్రశ్న. మరమ్మతులకు ఒడ్డెక్కిస్తే నెలలు పడుతుంది, ప్రకటనలో బొమ్మ మాత్రం అలాగే ఉంటుంది. తర్వాత, ఎన్ని గంటలు నదిలో తిప్పుతారు, ఎన్ని గంటలు కట్టేసి ఉంచుతారు అని విడివిడిగా అడగండి. 'ఇరవై నాలుగు గంటల ప్యాకేజీ' అన్నంత మాత్రాన ఇరవై నాలుగు గంటలూ తిప్పరు. రాత్రి రేవులోనే కట్టేస్తారా, లంక పక్కన ఆపుతారా అడగండి. రెంటికీ చాలా తేడా. ఏసీ ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, జనరేటర్ మీదా ఒడ్డు కరెంటు మీదా? భోజనం కలిపా, విడిగానా? పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా? ఈ చివరి ప్రశ్నకు తడబడితే వేరే పడవ చూసుకోండి.

ఇద్దరమే వెళ్లొచ్చా, పెద్ద గుంపే ఉండాలా?

ఇద్దరైనా వెళ్లొచ్చు. పడవకు గదులు రెండో మూడో ఉంటాయి కాబట్టి ఒక్క గది ఇస్తారా, మొత్తం పడవ తీసుకోవాలా అన్నది తేల్చుకోండి. ఇంకో కుటుంబం పక్క గదిలో ఉంటే డెక్ అందరిదీ.

డబ్బులు కట్టాక వరద వచ్చి ఆపేస్తే?

ఇది మా ఇంట్లోనే జరిగింది. ఒక ఏడాది భాద్రపదంలో మా పెదనాన్నగారి కుటుంబం పదకొండు మందికి ఒక ప్రైవేటు పడవ మాట్లాడుకుని మొత్తం సొమ్ము ముందే పంపేశారు. రెండు రోజుల ముందు వరద వచ్చింది. పడవ ఆపడం సరైన పనే, దానికి ఎవరినీ తప్పు పట్టం. కానీ డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఐదు నెలలు తిప్పారు, చివరికి సగమే వచ్చింది. చేతిలో కాగితం ముక్క లేదు, అంతా నోటిమాటే. కాబట్టి వరద, తుఫాను, పడవ మరమ్మతు, ఈ మూడింట్లో ఏది వచ్చినా సొమ్ము వెనక్కి వస్తుందా, తేదీ మారుస్తారా అన్నది రాతలో తీసుకోండి. వాట్సాప్ సందేశమైనా చాలు. మొత్తం ముందే కట్టకండి.

## బయల్దేరేటప్పుడు

దిండికి ఎలా రావాలి?

హైదరాబాద్ నుంచి నరసాపురం వచ్చే రాత్రి రైలు ఉంది. పాలకొల్లులో గాని, చివరి స్టేషన్ నరసాపురంలో గాని దిగి ఆటోనో కారో మాట్లాడుకుంటే చించినాడ వంతెన మీదుగా కాసేపట్లో వచ్చేస్తారు. అమలాపురానికి రైలు లేదు, ఇది చాలామంది పొరపాటు పడే విషయం. విశాఖ వైపు నుంచి కారులో వస్తే కత్తిపూడి దగ్గర 216 ఎక్కి కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు మీదుగా రండి. విమానమైతే రాజమహేంద్రవరం పక్కన మధురపూడిలో దిగి, రావులపాలెం మీదుగా కొబ్బరితోటల మధ్య రెండు రెండున్నర గంటలు. ఆ రోడ్డు ప్రయాణమే సగం సరదా.

ఏమేం తెచ్చుకోవాలి?

పెద్ద సూట్‌కేసు వద్దు, పడవ గదిలో దానికి చోటు ఉండదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున నీటి మీద మంచు కురుస్తుంది, పెద్దవాళ్లకు శాలువా, పిల్లలకు మంకీ క్యాప్ పెట్టండి. జారని చెప్పులు, టార్చి, దోమల క్రీము, రోజూ వేసుకునే మందులు. ఫోన్లు పెట్టుకోవడానికి జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి. బైనాక్యులర్ ఉంటే తప్పకుండా తెచ్చుకోండి.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. పడవ ఎక్కగలదా?

ఎక్కగలరు, వేళ చూసుకుంటే. రేవు మెట్లు కదలవు, పడవ మాత్రం నీటితో పాటు లేస్తుంది, దిగుతుంది. పాటులో వస్తే పడవ కిందికి ఉండి, బల్ల మీదుగా ఏటవాలుగా దిగాలి. పోటులో వస్తే డెక్, మెట్టు దాదాపు ఒక ఎత్తుకు వస్తాయి. మా నాయనమ్మను ఎనభై ఒకటో ఏట అలాగే ఎక్కించాం. మధ్యాహ్నం పన్నెండుకు రమ్మన్నారు. పడవ నడిపే సరంగుకు ముందే ఫోన్ చేసి పోటు ఎప్పుడని అడిగితే రెండున్నరకు అన్నారు. రెండు గంటలకు తీసుకెళ్లాం. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి కళాసీ (పడవ పనివాడు) పట్టుకుంటే ఇంట్లో గడప దాటినట్టు ఒక్క అడుగు వేసి లోపలికి వచ్చేశారు. 'అమ్మకు మోకాళ్లు బాలేవు, పోటు చూసి చెప్పండి' అని అడిగితే ఏ సరంగూ కాదనడు.

మూడేళ్ల పాప ఉంది. టెన్షన్‌గా ఉంది, తీసుకురావచ్చా?

తీసుకురండి, కానీ నీళ్ల మీద ఉన్నంతసేపూ పాప ఒకరి బాధ్యత అని పేరు పెట్టి చెప్పుకోండి. 'అందరం చూస్తున్నాం' అంటే ఎవరూ చూడటం లేదని. లైఫ్ జాకెట్ తొడిగి బకిల్స్ అన్నీ పెట్టాక, భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని మెల్లగా పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా లేచి పాప గడ్డం లోపలికి జారిందంటే అది పెద్దది, నీళ్లలో ఊడిపోతుంది. కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉన్నది అడగండి. రాత్రి గది తలుపు లోపల గడియ పిల్లలకు అందకుండా ఉందో లేదో పడుకునే ముందు చూసుకోండి.

## పడవ మీద

రాత్రంతా పడవ నడుస్తూనే ఉంటుందా?

ఉండదు, ఉండకూడదు కూడా. పొద్దు గూకే వేళకు ఆపి కట్టేస్తారు. చీకట్లో ఇసుక మేటలు కనపడవు, చేపల వలలు అడ్డంగా పరిచి ఉంటాయి. ఇంజను పంకాకు వల చుట్టుకుంటే పడవ ఆగిపోవడమే కాదు, ఒక కుటుంబం ఆ వారం కూడు పోగొట్టుకుంటుంది.

భోజనం ఎలా ఉంటుంది? శాకాహారం దొరుకుతుందా?

దొరుకుతుంది. ముందు రోజే చెబితే పనసపొట్టు కూర, కొబ్బరి అన్నం, మామిడికాయ పప్పు చేసి పెడతారు. మాంసాహారులైతే రొయ్యల ఇగురు, బొమ్మిడాయిల పులుసు, పీతలు. ఒక్క సలహా: ఉత్తరాది మెనూ అడగకండి. పనీర్ ఎక్కడైనా దొరుకుతుంది. ఆ పూట వల్లో ఏం పడిందో అదే వండమనండి. చేపల పులుసు రాత్రి వండించుకుని కొంచెం దాచి, పొద్దున దిబ్బరొట్టెతో తినండి. రాత్రికి రాత్రి ముక్కకు పులుపు పడుతుంది.

పులస పెడతారా?

పడవల కాలంలో పులస ఉండదు. సముద్రంలో విలసగా ఉన్న చేప, వరద కాలంలో ఎర్రనీరు తగలగానే గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ గోదాట్లోకి వచ్చి పులస అవుతుంది. అంటే హౌస్‌బోట్లు ఆగే నెలలే పులస నెలలు. డిసెంబరులో ఎవరైనా పులస అని పెడితే అది మంచులో దాచిన చేపో, వేరేచోటి నుంచి తెచ్చిన ఇలసో అయి ఉంటుంది. 'పుస్తెలమ్మి అయినా పులస తినాలి' అన్న సామెత విని అలాంటి చేపకు డబ్బు పెట్టకండి.

గోదాట్లో దిగి ఈత కొట్టొచ్చా?

పడవ మీంచి దూకొద్దు. పైకి కదలనట్టున్న నీరు కింద పాటుతో లాగుతూ ఉంటుంది. ఇసుక మేట అంచున మోకాలి లోతు ఉన్నచోట ఒక్క అడుగు ముందుకు వేస్తే నిలువు లోతు రావచ్చు. స్నానం చేయాలనిపిస్తే ఒడ్డున ఊరివాళ్లు స్నానాలు చేసే రేవులో, మెట్ల మీద కూర్చుని చేయండి.

పడవ మీద మందు తాగొచ్చా?

వద్దు. రాత్రి, నీళ్లు, పిట్టగోడంత ఎత్తు లేని రెయిలింగ్.

కడుపులో తిప్పుతుందా?

నదిలో ఆ ఊపు ఉండదు. బస్సులో వాంతులయ్యే వాళ్లు కూడా హాయిగానే ఉంటారు.

బాత్రూమ్ మురుగు ఎక్కడికి పోతుంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, అడిగినవాళ్లంటే నాకు గౌరవం. మురుగును ట్యాంకులో నిలవచేసి ఒడ్డున ఖాళీ చేసే పడవనే ఎంచుకోండి, అడిగితే చూపిస్తారు. లంకల్లో ఉన్నవాళ్లకు స్నానం, గిన్నెలు, పశువులు, అన్నీ ఈ నీళ్లే. చిప్స్ కవర్లు, సీసాలు ఇంటి నుంచి తెచ్చిన సంచిలో వేసుకుని వెనక్కి తీసుకెళ్లండి.

## చీకటి పడ్డాక

దోమలు ఎలా ఉంటాయి?

దీపాలు పెట్టే వేళ గంటసేపు గట్టిగానే ఉంటాయి, ఒడ్డుకు దగ్గరగా కట్టేస్తే ఇంకా ఎక్కువ. ఆ గంట గదిలో ఉండండి, కిటికీ తలుపులు పొద్దుండగానే వేసేయండి. తర్వాత నది మీద గాలి తిరిగితే డెక్ మీదికి వచ్చేయొచ్చు. వాన పడిన మర్నాడు దీపాల చుట్టూ ఉసిళ్లు మూగుతాయి. లైట్లు ఆర్పేస్తే వాటంతటవే పోతాయి.

టీవీ లేదు, సిగ్నల్ అంతంత మాత్రం. రాత్రి ఏం చేస్తాం?

వంటవాళ్లు గిన్నెలు కడిగి పడుకున్నాక, డెక్ మీద లైటు ఆర్పించి కూర్చోండి. జనరేటర్ గంటసేపు ఆపమని అడగండి. మొదట చెవుల్లో హోరు తగ్గుతుంది, తర్వాత ఒక్కొక్కటే వినిపిస్తాయి: లంకలో కుక్క, ఎక్కడో వల మీద తెడ్డుతో కొడుతున్న చప్పుడు, ఇసుక మీంచి తీతువు అరుపు.

నీళ్ల మీద ఒకచోట చూపు పెట్టండి. గుర్రపుడెక్క గుబుర్లు తేలుతూ సముద్రం వైపు పోతుంటాయి. కాసేపటికి వాటి నడక మందగిస్తుంది. ఒకటి ఆగి, ఉన్నచోటే మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. నది అద్దంలా అవుతుంది, వంతెన మీది లారీ దీపాలు కూడా చెదరకుండా నీళ్లలో కనిపిస్తాయి. పది నిమిషాలో పావుగంటో అలాగే ఉండి, ఇందాక కిందికి పోయిన గుబురే ఎగువకు, రాజమండ్రి వైపుకు బయల్దేరుతుంది. పోటు తిరిగిందన్నమాట. లంగరు మీద ఉన్న పడవైతే అది కూడా మెల్లగా మొహం తిప్పుకుంటుంది. పడక్కుర్చీలో కదలకుండా ఉన్న మీ కళ్ల ముందు నుంచి చంద్రుడు ఎడమ నుంచి కుడికి వెళ్లిపోతాడు. మా నాయనమ్మ అది చూసి చాలాసేపు మాట్లాడలేదు. పుట్టి పెరిగింది ఈ ఒడ్డునే అయినా ఏటి మధ్య నుంచి ఎప్పుడూ చూడలేదట.

అర్ధరాత్రి పడవ కదిలినట్టు, కింద ఏదో గీరినట్టు చప్పుడు. భయపడాలా?

అక్కర్లేదు. నీరు ఎక్కినప్పుడు మోకులు బిగుసుకుని కిర్రుమంటాయి, దిగినప్పుడు పడవ అడుగు ఒండ్రుకు ఆని గీరినట్టు వినిపిస్తుంది. కళాసీలు మధ్యలో లేచి మోకులు సడలించి కడతారు, ఆ అడుగుల చప్పుడే అది. పడవ ఒక పక్కకు ఒరిగినట్టు స్పష్టంగా అనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా వాళ్లను లేపండి.

## తెల్లవారాక

పొద్దున్నే లేవకపోతే ఏం పోతుంది?

ఆ ప్రయాణంలో మంచి గంట పోతుంది. చలికాలంలో ఆరు గంటల వేళ నీటి మీద పొగమంచు నడుము ఎత్తున నిలబడి ఉంటుంది. వలలు తీసే పడవలో మనిషి నడుము పై నుంచే కనిపిస్తాడు, కింద పడవ ఉన్నట్టే తెలియదు. లకుముకి పిట్ట, నీటికాకులు, తెల్ల కొంగలు, గరుడ పక్షి, అన్నీ ఆ వేళే చురుగ్గా ఉంటాయి. టీ ఆరింటికే కావాలని రాత్రే చెప్పి పడుకోండి.

పడవ సముద్రం దాకా వెళ్తుందా? అంతర్వేది సంగమం చూడొచ్చా?

హౌస్‌బోట్ అక్కడికి పోదు. ఏటి మూతి దగ్గర ఇసుక మేటలు, అడ్డదిడ్డమైన అలలు ఉంటాయి, అడుగు చదునుగా ఉన్న పడవకు అది చోటు కాదు. పడవ దిగి మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా రోడ్డున వెళ్లండి. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నది, సముద్రం కలిసేచోట నిలబడొచ్చు. మాఘమాసంలో భీష్మ ఏకాదశి సమయంలో స్వామి కల్యాణం, తీర్థం. ఆ రోజుల్లో రోడ్డంతా జనమే.

ఇంకో పూట టైమ్ ఉంది. ఏం చూడమంటారు?

సఖినేటిపల్లి రేవులో నరసాపురానికి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కండి. బైకులు, కార్లు, మేకలు, బడి పిల్లలు, అందరూ ఒకే చెక్క మీద గోదారి దాటతారు. టికెట్టు కొద్ది రూపాయలు, ఆనందం మాత్రం హౌస్‌బోట్‌కు తీసిపోదు. గుడులు ఇష్టమైతే వైనతేయ ఒడ్డున అప్పనపల్లి బాలబాలాజీ. పాత కట్టడాలు ఇష్టమైతే దగ్గర్లోనే ఆదుర్రు బౌద్ధ స్తూపం, చాలామందికి అది ఉందనే తెలియదు. తిరుగు దారిలో అంబాజీపేట దగ్గర ఆగితే పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, అదే పొట్టిక్కలు, దొరుకుతాయి. పొద్దున తొమ్మిది దాటితే అయిపోతాయి.

సరంగుకూ కళాసీలకూ విడిగా ఏమైనా ఇవ్వాలా?

ఇవ్వాలని రూలేం లేదు. ఇవ్వాలనిపిస్తే అందరికీ కలిపి ఒకరి చేతిలో పెట్టకుండా, వంటమనిషితో సహా ఎవరిది వాళ్లకు ఇవ్వండి. వెళ్లేముందు సరంగు దగ్గర కూర్చుని ఈ ఏరు ఎక్కడెక్కడ దారి మార్చుకుందో అడగండి. చెయ్యి చాపి, 'అదిగో, అక్కడ మా ఇల్లుండేది' అని నీళ్లను చూపించే సరంగులు ఈ రేవులో ఉన్నారు.